ఆ రోజు డబుల్ బెల్ కొట్టింది నేనే

కండక్టర్‌గా ముప్ఫై ఏళ్లు పైనే చేశాను. అన్నేళ్లలో ఆఫీసుకు రాసిచ్చిన కాగితాల్లో ఒక్క అబద్ధం లేదు. రిటైరైన రోజు శాలువా కప్పి ఈ మాటే మైకులో చెప్పారు, నేనూ తలూపుతూ విన్నాను. ఇంటికొచ్చాక ఆ శాలువాని బీరువాలో అడుగున పెట్టమన్నాను. మా ఆవిడ ఎందుకని అడగలేదు. ఆమెకు తెలుసు.

ఖమ్మం ఖానాపురం హవేలిలో మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయికి ఈమధ్య కండక్టర్ ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకొచ్చి, "అంకుల్, మీ సర్వీసులో మర్చిపోలేనిది ఒకటి చెప్పండి" అంది. గేదె దూడకు టికెట్ అడిగిన ముసలాయన కథ చెప్పి నవ్వించి పంపాను. ఆమె వెళ్లాక అన్నం సహించలేదు. చెప్పాల్సింది అది కాదు. అమ్మాయీ, నీకూ, నీతోపాటు కొత్తగా బ్యాగు భుజాన వేసుకున్న మిగతా పిల్లలకూ చెప్పాల్సింది ఇది. నిజం రాసి ఒక మనిషిని ఎలా ముంచవచ్చో మీకు ట్రైనింగులో ఎవరూ నేర్పరు. నాకు బాగా వచ్చు.

అప్పటి ఆర్డినరీ బస్సుల్లో మీకున్నట్టు టికెట్ మిషన్లు లేవు, బటన్లు లేవు. పైన కడ్డీ వెంబడి డ్రైవర్ తల దాకా ఒక తాడు ఉండేది. ఒక్కసారి లాగితే సింగిల్ బెల్, బండి ఆగాలి. రెండుసార్లు లాగితే డబుల్ బెల్, బండి కదలాలి. కండక్టర్ ఎంత చిన్నవాడైనా, డ్రైవర్ ఎంత సీనియరైనా ఆ తాడు మాత్రం కండక్టర్‌దే. ఆగినా సాగినా లెక్క ప్రకారం బాధ్యత గంట కొట్టినవాడిది.

నాతో బండెక్కే డ్రైవర్ నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఆరేళ్లు ఒకే రూట్లో కలిసి తిరిగాం. కల్లూరులో తెల్లవారక ముందే బయల్దేరి, ఊళ్లన్నీ తిరిగి, అడవి దాటి భద్రాచలం పోయే బండి మాది. ఆదివారం పొద్దున చర్చికి పోవడానికి డ్యూటీ మార్చుకోవడం తప్ప ఆయనకు వేరే కోరికలు ఉండేవి కావు. బుగ్గన ఒక లవంగం పెట్టుకుని తన మానాన నడుపుతూ పోయేవాడు. గంట పడందే బండిని అంగుళం కదిలించేవాడు కాదు. ఒకసారి సంత దగ్గర నేను టీ తాగుతూ మాటల్లో పడిపోతే, ప్యాసింజర్లు పోనీయమని అరుస్తున్నా పావుగంట స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. నేను పరుగెత్తుకొచ్చి, నువ్వైనా హారన్ కొట్టొచ్చు కదన్నా అంటే నవ్వాడు.

"గంట కొట్టేటోడు గంట కొట్టాలె, తోలేటోడు తోలాలె తమ్మీ. ఎవని పని వాడు చేస్తేనే బండి నడుస్తది" అన్నాడు.

మా బండికి ఒక జబ్బుండేది. ఇంజన్ ఒకసారి ఆపితే సెల్ఫ్ తీసుకునేది కాదు. బ్యాటరీ మార్చమని షెడ్డువాళ్లకు రాసి రాసి మా పెన్నుల్లో సిరా అయిపోయింది. పొద్దున బయల్దేరేటప్పుడు నలుగురు తోస్తే స్టార్టయిన ఇంజన్‌ను అన్న భద్రాచలం స్టాండు దాకా ఆపేవాడు కాదు. దారిలో ఎప్పుడైనా ఆగిపోయిందంటే ప్యాసింజర్లందరూ దిగి తోయాల్సిందే. రోజూ ఎక్కేవాళ్లకు అది అలవాటైపోయింది. మమ్మల్ని నాలుగు తిట్లు తిట్టి, పంచెలు ఎగగట్టి తోసేవాళ్లు.

ఆ రోజూవాళ్లలో ఎండుచేపల గంపతో సంతలు తిరిగే ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి, నోరు పెద్దది. ఆ గంపను ఫుట్‌బోర్డు మీద పెట్టొద్దని నేను, ఇంకెక్కడ పెట్టాలె నీ నెత్తిమీదనా అని ఆవిడ. వారానికి మూడుసార్లు ఇదే రామాయణం. ఆ వాసనకూ ఆ నోటికీ భయపడి బస్సులో అందరికీ టికెట్లు కొట్టాక చివర్లో ఆవిడ దగ్గరికి పోయేవాణ్ణి. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ ఏళ్లలో సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ గొడవలకు ఊళ్లు వదిలేసి వచ్చిన కోయవాళ్లు మన అడవి అంచుల్లో గుడిసెలు వేసుకున్నారు. గుత్తికోయలు అనేవాళ్లు వాళ్లని. రేషన్ కార్డు లేదు, మన మాట రాదు, అడిగే దిక్కు లేదు. మిరప కోతలకు అంతకంటే కావలసిందేముంది. ఒక పెద్ద ఆసామి మేస్త్రీని పెట్టి గుడిసెలకు గుడిసెలనే తన చేలకు తోలించుకునేవాడు. కోత మొదలైతే అయ్యేదాకా ఎవరూ చేను దాటకూడదని మేస్త్రీ శాసనం. ఒకరు పోతే అందరూ పోతారని వాడి భయం. దాటినవాళ్లను మోటారు సైకిళ్ల మీద వెంటాడి పట్టుకొచ్చేవాడు. ఈ సంగతి ఆ రూట్లో తెలియనివాళ్లు లేరు. నాకు అందరికంటే బాగా తెలుసు. ఎందుకంటే ఆ మేస్త్రీ నా బస్సులో ఎక్కితే నేను టికెట్ అడిగేవాణ్ణి కాదు, ఏటా కోతలయ్యాక వాడు మా ఇంటికి ఒక బస్తా ఎర్రటి మిరపకాయలు పంపేవాడు. మా ఆవిడ పట్టే కారం, నిల్వ పచ్చడి అన్నీ ఆ బస్తావే. బంధువులు లొట్టలేసుకుని తినేవాళ్లు.

గుత్తికోయలు బస్సెక్కితే నేను వెనక్కి పంపేవాణ్ణి. సీట్లు ఖాళీగా ఉన్నా సరే, వెనక కింద కూర్చోమనేవాణ్ణి. మిగతా ప్యాసింజర్లు ముక్కు చిట్లిస్తారని సాకు. ఏ రూల్లో ఉందని ఎవరూ అడగలేదు, వాళ్లకు అడగడం రాదు.

ఇక ఆ రోజు.

మిరప చేలు దాటి అడవి మొదలయ్యే చోట ఒక ముసలమ్మ రోడ్డు మధ్యకొచ్చి చేతులు అడ్డం పెట్టింది. పక్కన ఇరవై ఏళ్లు ఉంటాయో లేదో, నిండు చూలాలు. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. రెండు చేతులతో పొట్ట కింద పట్టుకుని ఒంగిపోయి నిలబడింది. చీరకు కింద నెత్తురు మరకలు. అత్తాకోడళ్లని తర్వాత తెలిసింది. ముసలమ్మ వాళ్ల భాషలో ఏదేదో చెప్పింది, నాకు అర్థమైంది ఒక్కటే మాట, భద్రాచలం. ఆ దారిలో డాక్టర్ ఉండే దవాఖానా అక్కడే ఉంది. ఇంకో గంటన్నర ప్రయాణం.

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. ఆ పిల్లను చూస్తూ కూడా నా నోట్లోంచి వచ్చిన మాట, "వెనక్కి పో" అనే.

చేపలావిడ లేచింది. "ఏంది వెనక్కి పోయేది? కండ్లు కనపడ్తలెవ్వా నీకు?" అని నన్ను పక్కకు నెట్టి, తను కూర్చున్న ఆడవాళ్ల సీట్లో ఆ పిల్లను పడుకోబెట్టింది. తన కొంగు తడిపి మొహం తుడిచింది. "జల్దీ పోనీయమను ఆయన్ని" అంది నాతో. ఆవిడకు అప్పటికింకా నేను టికెట్ కొట్టలేదు. ఆ హడావుడిలో కొట్టనూ లేదు.

రెండు మైళ్లు పోయామో లేదో, కల్వర్టు దగ్గర రెండు మోటారు సైకిళ్లు రోడ్డుకు అడ్డంగా పెట్టి ఉన్నాయి. అడ్డదారిన ముందే వచ్చిన మేస్త్రీ, వాడి మనుషులు ఇద్దరు. అన్న బండి ఆపాడు, ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉంది.

మేస్త్రీ ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి నన్ను చూసి నవ్వాడు. "కండక్టరన్నా, మా మనుషులు ఇద్దరు ఎక్కిన్రట గదా. దించెయ్, మేం పోతం."

"నొప్పులు పడ్తుంది. నెత్తురు గూడ పోతుంది" అన్నాను. అన్నాననే గుర్తు.

"గుడిసెల కంటరన్నా వాళ్లు. అలవాటే. ఈమె దవాఖానకు పోతే మొగుడు పోతడు, మొగుడు పోతే నాకు రేపు చేన్ల ఒక్కడు మిగలడు. నీకెందుకు, నువ్వు టైముకు పోవాల్నా వద్దా?"

చుట్టూ చూశాను. నలభై మందికి పైగా ఉన్నారు. అందరూ కిటికీల్లోంచి అడవి చూస్తున్నారు. అడవిలో అంత చూసేది ఏమీ లేదు. నేను పక్కకు జరిగాను. దారి ఇవ్వడానికే జరిగాను, ఇంకో అర్థం లేదు.

వాడి మనుషులు లోపలికొచ్చి ముందు ముసలమ్మ రెక్క పట్టుకుని లాగారు. ఆమె మెట్ల మీద నుంచి జారి రోడ్డు మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. కోడల్ని వాళ్లు ముట్టుకోవలసిన పని లేకపోయింది. అత్త పడటం చూసి ఆ పిల్లే కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కూర్చుంటూ దిగింది. దిగి రోడ్డు మీద కూలబడింది. చేపలావిడ గంప ఎత్తుకుని వాళ్ల వెనకే దిగింది. గంపను తెచ్చి ఆ పిల్లకూ మేస్త్రీకీ మధ్య దబ్బున దించి దాని ముందు నిలబడింది.

"తీస్కపో చూస్తా" అంది. "నీ అక్కను ఇట్లనే గుంజుకపోతవా రోడ్ల మీద?"

ఒకడు ఆవిడ చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడు బస్సులోకి వినిపించింది.

అప్పుడు నేను డబుల్ బెల్ కొట్టాను.

ఎందుకు కొట్టావని మీరు అడగాలి. నేనూ చాలాసార్లు అడుక్కున్నాను. బస్సులో ఉన్న నలభై మంది క్షేమం కోసమని కొన్నాళ్లు చెప్పుకున్నాను. టైము కోసమని కొన్నాళ్లు. అవేవీ కావు. ఆ ముగ్గురు ఆడవాళ్లను అక్కడ వదిలేసి, ఆ కల్వర్టు నా కళ్లకు కనిపించనంత దూరం పోవాలనిపించింది. అంతే.

బండి కదల్లేదు. అన్న అద్దంలోంచి నన్ను చూశాడు. వినపడలేదేమోనని మళ్లీ లాగాను. రెండుసార్లు, గట్టిగా. ఆరేళ్లలో నా డబుల్ బెల్‌కు ఆయన బండి తీయకపోవడం అదే మొదటిసారి. నన్నే చూస్తూ చెయ్యి కిందికి పోనిచ్చి ఇంజన్ ఆపేశాడు.

పొద్దుటి నుంచి చెవుల్లో మోగుతున్న మోత ఒక్కసారిగా పోయింది. బస్సులో ఉన్నవాళ్లంతా కిటికీల నుంచి తలలు తిప్పారు. ఇంజన్ ఆగిందంటే ఏం చేయాలో వాళ్లకు తెలుసు.

ముందు సీట్లో ఒక ముసలి రైతు కూర్చుని ఉన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "తోయాల్నా?" అన్నాడు.

"అవ్ పెద్దాయనా. తోయాలె" అన్నాడు అన్న. తర్వాత సీట్లోంచి లేచి బస్సు మొత్తానికి వినపడేటట్టు, "అందరు దిగాలె. ఆడోళ్లు గూడ" అన్నాడు.

వాళ్లు లేచారు. పెద్ద మాటలేవీ ఎవరూ మాట్లాడలేదు. ఈ బస్సుకు ఎప్పుడూ ఇదే రోగం అని గొణుక్కుంటూ, చెప్పులు వెతుక్కుంటూ, ఒకరి వెనక ఒకరు దిగారు. కూర్చున్నంతసేపు అడవి చూసిన మనుషులే. రోడ్డు మీద నిలబడేసరికి చూడకుండా ఉండటం కుదరలేదు. ఆడవాళ్లు నేరుగా ఆ పిల్ల దగ్గరికి పోయి చుట్టూ చేరారు. ఒకామె తన సంచిలోంచి పాత చీర తీసింది. మగవాళ్లు బస్సు వెనక్కి పోవలసినవాళ్లు, ముందుకు పోయి మోటారు సైకిళ్ల దగ్గర నిలబడ్డారు.

"మీకేం పని? ఎక్కుండ్రి బస్సు" అని అరిచాడు మేస్త్రీ.

"ఎక్కితే ఎట్ల పోతది బిడ్డా? తోస్తెనే పోతది" అన్నాడు ముసలి రైతు నెమ్మదిగా. "బండ్లు అడ్డమున్నయ్. నువ్వు తీస్తవా, మేం తియ్యాల్నా?"

వాడు ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. వెంటనే నాలుగైదు చేతులు వాడి చెయ్యి మీద పడ్డాయి. కొట్టలేదు, విడిపించారు. విడిపించాక వదల్లేదు కూడా. మిగిలిన ఇద్దరికీ నలభై మందిని లెక్కపెట్టేంత తెలివి ఉంది, వెనక్కి తగ్గారు. జనం ఆ రెండు మోటారు సైకిళ్లనూ ఎత్తి రోడ్డు కింద గుంటలోకి దొర్లించారు. ఆడవాళ్లు చీరను జోలెలా పట్టి ఆ పిల్లను లేపి, బస్సులోకి తెచ్చి పడుకోబెట్టారు. అత్త పక్కన కూర్చుంది. తర్వాత అందరూ తోశారు. చెంప కమిలిన చేపలావిడ కూడా భుజం ఆనించి తోసింది. ఇంజన్ అందుకోగానే పరుగెత్తుకొచ్చి ఎక్కారు. ఆవిడ గంప కల్వర్టు దగ్గరే ఉండిపోయింది.

అంతసేపూ నేను బస్సులోనే ఉన్నాను. ఫుట్‌బోర్డు మీద, తాడు చేతిలో పట్టుకుని. కండక్టర్ బస్సు తోయకూడదని రూలేమీ లేదు.

అన్న ఇక ఎక్కడా ఆపలేదు. గోదావరి బ్రిడ్జి దాటి, స్టాండుకు పోకుండా నేరుగా దవాఖానా గేట్లోకి తీసుకెళ్లాడు. నర్సులు స్ట్రెచర్ తెచ్చారు. ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లీ దక్కేది కాదు, బిడ్డా దక్కేది కాదని డాక్టరమ్మ అన్నదట. ఇద్దరూ బతికారు. ఆడపిల్ల.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండును. మైకులో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది.

నాలుగు రోజులకు ఆసామి పెద్దవాళ్ల చేత డిపోకు కంప్లైంటు పంపించాడు. డ్రైవర్ నడిరోడ్డు మీద కావాలని ఇంజన్ ఆపాడు, ప్యాసింజర్లను రెచ్చగొట్టి దౌర్జన్యం చేయించాడు, స్టాండుకు పోకుండా బండి దారి మళ్లించాడు. అన్నకు ఛార్జిషీటు ఇచ్చారు. నన్ను స్టేట్‌మెంట్ రాసివ్వమన్నారు.

రాసే ముందు రోజు డిపో క్యాంటీన్లో అన్న నా ఎదుట కూర్చున్నాడు. రెండు టీలు చెప్పాడు. టీ చల్లారాక అన్నాడు.

"తమ్మీ, సింగిల్ బెల్ కొట్టిన అని రాయి. ఒక్క మాట. కండక్టర్ ఆపమంటే ఆపినట్టు అయితది. ఇద్దరికీ మెమో ఇచ్చి ఇడిసిపెడ్తరు. నాకింక మూడేండ్లే ఉంది సర్వీసు."

నిజమే. ప్యాసింజర్ ప్రాణాపాయంలో ఉంటే బండి ఆపించే హక్కు కండక్టర్‌కు ఉంది. ఆ ఒక్క మాట రాస్తే కేసు నిలిచేది కాదు. నాకు ఒక మెమో వచ్చేది. పోతే ఒక ఇంక్రిమెంటు.

"అబద్ధం ఎట్ల రాయాలె అన్నా?" అన్నాను.

"అవ్. అబద్ధమే గదా" అన్నాడు. లేచి ఇద్దరి గ్లాసులూ తనే తీసుకుపోయి కౌంటర్ మీద పెట్టాడు.

రాసిచ్చాను. "నేను రెండు పర్యాయములు డబుల్ బెల్ ఇచ్చినాను. డ్రైవర్ బండి తీయక ఇంజన్ నిలిపివేసినాడు." అక్షరం కూడా తప్పు లేదు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని విచారణ చేసే ఆఫీసరే మెచ్చుకున్నాడు.

సాక్షులు ఎవరైనా ఉంటే రమ్మన్నారు. నలభై మందిలో ఎవరూ రాలేదు. వాళ్లని తప్పు పట్టను. ముసలి రైతుది ఆ ఆసామి పక్క ఊరే, రోజూ ఆ నీళ్లే తాగాలి. చేపలావిడ ఒక్కతే వచ్చింది. సంత మానుకుని, రెండు బస్సులు మారి, ఆఫీసరు గది ముందు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేల మీద కూర్చుంది.

లోపలికి పిలిచి ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న, "ఆ రోజు బస్సులో ఉన్నానంటున్నావు, టికెట్ ఏది?"

నేను గోడవారన నిలబడి ఉన్నాను. టికెట్ లేని ప్యాసింజర్ దొరికితే కండక్టర్ ఉద్యోగానికే మోసం, ఆ భయం మీకూ తెలుసు. కొట్టలేదని ఆవిడ ఒక్కమాట చెబితే ఛార్జిషీటు నాకు పడుతుంది. చెప్పినా తప్పు లేదు, నిజం కాబట్టి. ఆవిడ నా వంక చూసింది. నా మొహంలో ఏం కనబడిందో నాకు తెలియదు.

"కొట్టిండు సార్. నేనే పారేసుకున్న" అంది.

"టికెట్ లేకుంటే నువ్వు ఆ బస్సులో ఉన్నట్టు నేనెట్లా నమ్మాలి? వాళ్ల మనిషివో, వీళ్ల మనిషివో, ఎవరో చెప్పి పంపితే వస్తారు" అని ఆఫీసరు ఆవిడను పంపించేశాడు.

ఆమె ఆ బస్సులోనే ఉంది సార్, చెంపదెబ్బ తిన్నది ఈమే సార్ అని నేను అనవచ్చు. అది నిజమే కదా. నిజాలు చెప్పేవాణ్ణే కదా నేను. కానీ నన్ను ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని ఆ క్షణంలోనే నేను కనిపెట్టాను. ఆవిడ వెళ్లేటప్పుడు నా పక్క నుంచే వెళ్లింది.

అన్నను సస్పెండు చేశారు. తర్వాత ఎక్కడో దూరపు డిపోకు మార్చారు. స్టీరింగ్ మీద నుంచి తీసి షెడ్డులో టైర్లు లెక్కబెట్టే పనికి వేశారు. ఆ మూడేళ్లూ అలాగే గడిపి రిటైరయ్యాడు. పోయేముందు మా ఇంటికొచ్చి మా పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి వెళ్లాడు. కొన్నేళ్ల తర్వాత ఖమ్మం బస్టాండులో కనబడితే, "పిల్లలు మంచిగ సదువుతున్నరా తమ్మీ?" అని అడిగాడు. బుగ్గన లవంగం అలాగే ఉంది. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

ఆ గుడిసెల సంగతి చేపలావిడ చెప్పింది. బస్సు పోయిన మర్నాడే మేస్త్రీ గుడిసెలు పీకించాడట. చేలోనే ఉండిపోయిన ఆ పిల్ల మొగుడి చెయ్యి విరగ్గొట్టాడట. కల్వర్టు దగ్గర నలభై మంది ఉన్నారు, గుడిసెల దగ్గర ఎవరూ లేరు. ఒకరోజు నిలబడ్డవాళ్లు రోజూ కాపలా ఉండలేరు. ఇదంతా చెప్పి ఆవిడ టికెట్ డబ్బులు నా చేతిలో పెట్టింది. ఆ కేసు తర్వాత ఆవిడ ఎక్కగానే నేను మొదటి టికెట్ ఆవిడకే కొట్టడం మొదలుపెట్టాను.

"ఇప్పుడెందుకు సారూ ఇంత జల్దీ?" అంది ఆవిడ.

ఆ ఏడు కూడా మిరపకాయల బస్తా వచ్చింది. వెనక్కి పంపుదామా అని మా ఆవిడ అడిగింది. పంపితే వాడికి కోపం వస్తుందేమో అన్నాను. కారం పట్టించాం. తిన్నాం.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నాలుగైదేళ్లు గడిచాక అదే రూట్లో, వేరే డ్రైవర్‌తో పోతున్నాను. అడవి అంచున అదే చోట ఒకామె చెయ్యెత్తింది. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. వేలు పట్టుకుని ఒక చిన్న పిల్ల, చక్కగా రెండు జడలు వేసి ఉన్నాయి. బస్సు సగం ఖాళీగా ఉంది. ఆమె మెట్టు మీద కాలు పెట్టి, తలెత్తి నన్ను చూసి ఆగింది. గుర్తుపట్టింది. నేను నోరు తెరిచేలోపే బస్సు చివరిదాకా నడిచి వెళ్లి, ఖాళీ సీట్ల మధ్య కింద కూర్చుంది.

"అమ్మా, ముందుకు రా. సీట్లున్నయ్, మంచిగ కూసో" అన్నాను.

ఆమె కిటికీ వైపు మొహం తిప్పుకుంది. పిల్ల మాత్రం సీటు మీదికి ఎక్కబోయింది. తల్లి రెక్క పట్టుకుని దించి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాళ్ల భాషలో ఏదో చెప్పింది. చిన్న మాటే. పిల్ల నన్ను చూసి తల్లి కొంగులో తల దాచుకుంది.

వెనక ఎవరో టైమవుతుందని అరిచారు. డబుల్ బెల్ కొట్టాను. కొత్త డ్రైవర్ చురుకైనవాడు, గంట పడగానే బండి తీశాడు.